హబుల్ బొమ్మలో నక్షత్రం వెలుగు కొలవడం: డీఎస్9తో మొదటి నుంచి చివరిదాకా

అంతరిక్ష టెలిస్కోపు తీసిన బొమ్మలో ఒక నక్షత్రం చుట్టూ సున్నా గీసి, లోపలి పిక్సెళ్ల విలువలన్నీ కూడేస్తే దాని వెలుగు తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కూడితే వచ్చేది ఒక మొత్తం మాత్రమే. అందులో నక్షత్రం కాంతితో పాటు వెనక ఆకాశం ఉంటుంది, పక్క చుక్క నుంచి చిందిన కాంతీ ఉంటుంది. పైగా మన నక్షత్రం కాంతిలో కొంత ఆ సున్నా బయటే ఉండిపోతుంది. వీటన్నిటినీ విడదీసి ఎవరి వాటా ఎంతో తేల్చడమే ఫొటోమెట్రీ. చివర్లో ఎంత అందమైన అంకె వచ్చినా, ఎంత వ్యాసార్ధంలో కొలిచారు, ఆకాశాన్ని ఎక్కణ్నుంచి తీసుకున్నారు అన్న రెండు వివరాలు పక్కన లేకపోతే అది ఎవరికీ పనికిరాదు. ఈ వ్యాసమంతా ఆ రెండు వివరాల చుట్టూనే తిరుగుతుంది.

నేను చెన్నైలో ఉంటూ సెలవు రోజుల్లో తెలుగు విద్యార్థులకు ఇది నేర్పిస్తుంటాను. కొందరు ఇక్కడి కాలేజీల పిల్లలు, కొందరు సూళ్లూరుపేట వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లు. ఫొటోమెట్రీని ఈ ఊళ్లో నేర్పడం నాకు చాలా ఇష్టం. నక్షత్రాల వెలుగును మనం ఈనాటికీ కొలిచే మాగ్నిట్యూడ్ స్కేలుకు 1856లో కచ్చితమైన గణిత రూపం ఇచ్చిన నార్మన్ పాగ్సన్ ఆ తర్వాత 1861లో మద్రాసు వచ్చి, నుంగంబాక్కంలోని మద్రాస్ అబ్జర్వేటరీలో ప్రభుత్వ ఖగోళ శాస్త్రవేత్తగా 1891లో చనిపోయేదాకా పనిచేశాడు. ఆ అబ్జర్వేటరీ తాలూకు 1792 నాటి గ్రానైట్ స్తంభం ఇప్పటికీ అక్కడి వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఒకటి.

పాగ్సన్ చెప్పిన లెక్క చిన్నదే. 5 మాగ్నిట్యూడ్ల తేడా అంటే వెలుగులో సరిగ్గా 100 రెట్లు. అంటే ఒక మాగ్నిట్యూడ్‌కు 2.512 రెట్లు. అంకె పెరిగితే వెలుగు తగ్గుతుంది. కింద మనం వాడే సూత్రాల్లో ఉండే −2.5 × లాగ్ అక్కడిదే.

కావలసినవి

మామూలు లాప్‌టాప్, ఇంటర్నెట్, లాగ్ ఉన్న క్యాలిక్యులేటర్ లేదా ఎక్సెల్ చాలు. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ పేరు సావో ఇమేజ్ డీఎస్9. అమెరికాలోని స్మిత్సోనియన్ ఆస్ట్రోఫిజికల్ అబ్జర్వేటరీ తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

ఒక్క బటన్ నొక్కితే మాగ్నిట్యూడ్ చెప్పేసే సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయి. వాటి గురించి చివర్లో చెప్తాను. మొదటిసారి మాత్రం డీఎస్9లో సున్నా మీరే గీసి, కూడికలు తీసివేతలు మీరే చెయ్యాలని నా పట్టుదల. ఏ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో ఒకసారి చేత్తో చేస్తేనే తెలుస్తుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ తప్పు అంకె ఇచ్చినా చూడగానే పట్టుకోగలరు.

మొదటి మెట్టు: జవాబు తెలిసిన నక్షత్రాన్ని ఎంచుకోండి

హబుల్, వెబ్ టెలిస్కోపుల డేటా మాస్ట్ అనే ఆర్కైవ్‌లో ఉంటుంది. బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని నడుపుతుంది. కొత్త పరిశీలనలు కొంతకాలం ఆ పరిశీలన అడిగినవాళ్లకే పరిమితమైనా, తర్వాత అందరికీ ఉచితం. పేరుతోనో ఆకాశ స్థానంతోనో వెతకొచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా అందమైన గెలాక్సీ మీదకో, కిక్కిరిసిన నక్షత్ర గుంపు మీదకో వెళ్లిపోతారు. అక్కడ వచ్చిన జవాబు తప్పో ఒప్పో తేల్చుకునే దారి ఉండదు. అందుకే ముందు జీడీ 153 అనే తెల్ల మరుగుజ్జును వెతకండి. హబుల్ కెమెరాలను సరిచూసుకోవడానికి వాడే మూడు ప్రధాన ప్రమాణ నక్షత్రాల్లో ఇదొకటి. మిగతా రెండూ జీడీ 71, జీ191-బీ2బీ. జీడీ 153 వెలుగు వీ ఫిల్టర్‌లో 13.35 అని ఎప్పుడో తేలిపోయింది. చుట్టుపక్కల పెద్దగా రద్దీ కూడా లేదు. మీ ఫిల్టరూ మాగ్నిట్యూడ్ పద్ధతీ వేరు కావచ్చు కాబట్టి ఒకటి రెండు పదో వంతులు అటూఇటూ రావడం సహజం. కానీ మీ లెక్కలో 11 వచ్చినా 16 వచ్చినా యూనిట్ల దగ్గరే పొరపాటు జరిగిందని వెంటనే తెలిసిపోతుంది.

వెతికేటప్పుడు పరికరం దగ్గర హబుల్ కెమెరా డబ్ల్యూఎఫ్‌సీ3 యూవీఐఎస్, ఫిల్టర్ దగ్గర ఎఫ్606డబ్ల్యూ అని పెట్టండి. ఒక్కో పరిశీలనకు చాలా ఫైళ్లు కనిపించి తికమక పెడతాయి. పేరు చివర ఎఫ్‌ఎల్‌టీ అని ఉంటే అది ఒక్క ఎక్స్‌పోజర్, కెమెరా ఆప్టిక్స్ వల్ల బొమ్మలో వచ్చిన వంకర సరిచేయనిది. ఎఫ్‌ఎల్‌సీ అంటే అదే ఫైలు, కాకపోతే డిటెక్టర్‌లో ఎలక్ట్రాన్లు బయటికి జరుగుతూ దారిలో కొన్ని చిక్కుకుపోయే నష్టాన్ని సరిదిద్దినది. ఇలాంటి ఎక్స్‌పోజర్లను కలిపి, వంకర తీసేసి, కాస్మిక్ కిరణాల గీతలు తుడిచేసి ఇచ్చేది డీఆర్‌సీ. మనకు కావలసింది డీఆర్‌సీ. పూర్తి ఫ్రేమ్ ఫైలైతే దాదాపు 200 ఎంబీ ఉంటుంది కాబట్టి మొబైల్ డేటా మీద దించుకోకండి.

రెండో మెట్టు: బొమ్మ కన్నా ముందు హెడర్

డీఎస్9లో ఫైల్ మెనూ నుంచి ఓపెన్ చెయ్యండి. బొమ్మ రాగానే చుక్కల మీదకు పరిగెత్తాలనిపిస్తుంది. కాస్త ఆగి, అదే ఫైల్ మెనూలో హెడర్ (ఫైలుతో పాటు వచ్చే వివరాల పట్టీ) తెరవండి. మీ నోట్‌బుక్‌లో నాలుగు విషయాలు రాసుకోండి.

బీయూనిట్: పిక్సెల్ విలువలు ఏ యూనిట్లలో ఉన్నాయో చెప్తుంది. డీఆర్‌సీలో మామూలుగా సెకనుకు ఎలక్ట్రాన్లు. యూవీఐఎస్ ఎఫ్‌ఎల్‌టీలో మాత్రం మొత్తం ఎలక్ట్రాన్లు, అంటే ఎక్స్‌పోజర్ సమయంతో మీరే భాగించాలి. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. 600 సెకన్ల ఎక్స్‌పోజర్‌ను భాగించడం మర్చిపోతే జవాబు దాదాపు 7 మాగ్నిట్యూడ్లు తప్పుతుంది.

ఎక్స్‌ప్‌టైమ్: మొత్తం ఎక్స్‌పోజర్ సమయం, సెకన్లలో.

ఫోట్‌ఫ్లామ్, ఫోట్‌ప్లామ్: మొదటిది సెకనుకు ఒక ఎలక్ట్రాన్ అంటే ఎంత కాంతి ప్రవాహమో చెప్పే అంకె. రెండోది ఆ ఫిల్టర్ పివట్ తరంగదైర్ఘ్యం, ఆంగ్‌స్ట్రామ్‌లలో. ఈ రెండూ ఉంటే జీరోపాయింట్ (పిక్సెల్ అంకెలను మాగ్నిట్యూడ్‌గా మార్చే ఆధారం) మీరే కట్టుకోవచ్చు. కింద ఏబీ అన్నది ఒక మాగ్నిట్యూడ్ పద్ధతి పేరు:

ఏబీ జీరోపాయింట్ = −2.5 × లాగ్(ఫోట్‌ఫ్లామ్) − 5 × లాగ్(ఫోట్‌ప్లామ్) − 2.408

ఉదాహరణకు ఫోట్‌ఫ్లామ్ 1.17 × 10⁻¹⁹, ఫోట్‌ప్లామ్ 5889 అనుకుందాం. మొదటి పదం 47.33, రెండోది 18.85. జీరోపాయింట్ 26.07. సెకనుకు ఒకే ఒక్క ఎలక్ట్రాన్ పుట్టించే నక్షత్రం మాగ్నిట్యూడ్ 26.07 అని దీని అర్థం. జీరోపాయింట్‌ను ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన పట్టికలోంచి ఎత్తి రాయకండి. డిటెక్టర్ సున్నితత్వం కాలంతో మారుతుంది, కాలిబ్రేషన్‌ను మధ్యమధ్యలో సరిదిద్దుతూ ఉంటారు. మీ ఫైలుకు మీ హెడరే ప్రమాణం.

మూడో మెట్టు: చూడటం

స్కేల్ మెనూలో లాగ్ ఎంచుకుని, అక్కడే జెడ్‌స్కేల్ పెట్టండి. అప్పటిదాకా నల్లగా ఉన్న తెర మీద చుక్కలు విచ్చుకుంటాయి. మౌస్ కుడి బటన్ పట్టుకుని లాగితే కాంట్రాస్ట్ మారుతుంది. ఇవన్నీ కంటికి కనిపించే తీరును మాత్రమే మారుస్తాయి. కింద ఉన్న అంకెలు కదలవు కాబట్టి ధైర్యంగా ఆడుకోవచ్చు.

నక్షత్రం దగ్గరకు జూమ్ చేసి కర్సర్‌ను మెల్లగా దాని మీదుగా జరపండి. పైనున్న పలకలో వాల్యూ అనే చోట అంకె మారుతూ కనిపిస్తుంది. ఖాళీ ఆకాశంలో 0 దగ్గర తచ్చాడుతూ, అంచు తగలగానే పెరిగి, నడిమధ్యలో గరిష్ఠానికి వెళ్లి మళ్లీ పడిపోతుంది. నడిమధ్యలో పెరగకుండా చదునుగా ఉండిపోయినా, అక్కణ్నుంచి పైకీ కిందికీ తెల్లటి గీత కారినట్టు కనిపించినా ఆ నక్షత్రం సాచురేట్ అయినట్టే, అంటే దాని పిక్సెళ్లు నిండిపోయి ఇక కాంతిని లెక్కపెట్టలేవు. ఇక్కడ కొలిచే పద్ధతితో దాన్ని కొలవలేం, వదిలెయ్యండి. అనుమానంగా ఉంటే ఎఫ్‌ఎల్‌సీ ఫైలులోని డీక్యూ పొర (పిక్సెళ్ల నాణ్యత చెప్పేది) తెరిచి చూడండి. నిండిపోయిన పిక్సెల్‌కు అందులో 256 అనే గుర్తు ఉంటుంది.

నాలుగో మెట్టు: సున్నా గీయడం

ఎడిట్ మెనూలో రీజియన్ మోడ్‌కు మారండి. రీజియన్ మెనూలో షేప్ కింద సర్కిల్ ఎంచుకుని నక్షత్రం మీద క్లిక్ చెయ్యండి. ఆకుపచ్చ వలయం వస్తుంది. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే చిన్న విండో తెరుచుకుంటుంది. అక్కడ వ్యాసార్ధం యూనిట్‌ను ఇమేజ్‌కు మార్చి 10 అని టైప్ చెయ్యండి. యూవీఐఎస్‌లో ఒక పిక్సెల్ 0.04 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) కాబట్టి ఇది 0.4 ఆర్క్‌సెకన్లు అవుతుంది.

చేత్తో పెట్టిన కేంద్రం ఎప్పుడూ కొంచెం పక్కకే పడుతుంది. రీజియన్ మెనూలో సెంట్రాయిడ్ ఉంది, అది సున్నాను కాంతి మధ్యకు జరుపుతుంది. జరిగాక ఒకసారి కళ్లతో చూడండి. పక్కన మరో ప్రకాశవంతమైన చుక్క ఉంటే సెంట్రాయిడ్ అటు లాగేసే ప్రమాదం ఉంది.

ఇక 10 పిక్సెళ్లే ఎందుకు? హబుల్ అద్దం వ్యాసం 2.4 మీటర్లు. ఎంత పదునైన అద్దమైనా నక్షత్రాన్ని ఒక బిందువుగా చూపలేదు. 600 నానోమీటర్ల కాంతిలో నడిమి చుక్క వ్యాసార్ధం సుమారు 0.063 ఆర్క్‌సెకన్లు, దాని చుట్టూ మసక వలయాలు, ఆపైన ఎంతో దూరం పాకే పలచటి కాంతి. మొత్తం కాంతిని పట్టాలంటే సున్నా పెద్దది కావాలి. సున్నా పెద్దదైన కొద్దీ ఆకాశం వాటా, పక్క చుక్కల చొరబాటు పెరిగిపోతాయి. 10 పిక్సెళ్లు ఈ రెండింటి మధ్య రాజీ. ఈ ఫిల్టర్‌లో అంత సున్నాలో కాంతిలో సుమారు 91 శాతం పడుతుంది.

ఒకసారి ఇద్దరు విద్యార్థులు ఒకే నక్షత్రాన్ని పక్కపక్కన కూర్చుని కొలిచారు. ఒకరి జవాబుకూ రెండోవారి జవాబుకూ దాదాపు 0.09 తేడా. "అన్నా, ఫైలు ఒకటే, ఫిల్టర్ ఒకటే, లెక్క రెండుసార్లు చూసుకున్నాం, మరి తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?" అని సూళ్లూరుపేట అమ్మాయి అడిగింది. ఇద్దరి స్క్రీన్లూ చూస్తే ఒకరి సున్నా 5 పిక్సెళ్లు, ఇంకొకరిది 10. ఇద్దరి లెక్కా ఒప్పే. సున్నా బయట మిగిలిన కాంతిని ఇద్దరూ ఇంకా కలపలేదు, అంతే. దాన్ని కలిపే పద్ధతి ఆరో మెట్టులో ఉంది.

ఇక్కడ డీఎస్9 గురించి తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. అది పిక్సెళ్లను ముక్కలు చెయ్యదు. పిక్సెల్ కేంద్రం సున్నా లోపల ఉంటే మొత్తం పిక్సెల్‌ను కలుపుతుంది, బయట ఉంటే మొత్తం వదిలేస్తుంది. వ్యాసార్ధం 10 ఉన్న సున్నా వైశాల్యం లెక్క ప్రకారం 314.16. సున్నా కేంద్రం సరిగ్గా పిక్సెల్ మధ్యలో ఉంటే డీఎస్9 కూడేది 317 పిక్సెళ్లు. అందుకే ఆకాశాన్ని తీసేసేటప్పుడు పై ఆర్ స్క్వేర్ (πr²) వాడకుండా డీఎస్9 చూపించిన పిక్సెళ్ల సంఖ్యనే వాడాలి. వ్యాసార్ధం 3 లాంటి చిన్న సున్నాలకు అంచు పిక్సెళ్ల ప్రభావం ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

సున్నా విండోలోనే అనాలిసిస్ మెనూ కింద స్టాటిస్టిక్స్ నొక్కండి. సమ్ (మొత్తం), ఎన్‌పిక్స్ (పిక్సెళ్ల సంఖ్య), మీన్ (సగటు), మీడియన్ (వరసలో పెడితే నడిమి విలువ) అని వరసగా వస్తాయి. సమ్, ఎన్‌పిక్స్ రాసుకోండి. మన ఉదాహరణకు సమ్ 52.40, ఎన్‌పిక్స్ 317 అనుకుందాం. జీడీ 153 ఇంతకంటే చాలా వెలుగైనది కాబట్టి మీ అంకె ఎన్నో రెట్లు పెద్దగా వస్తుంది, పద్ధతి మాత్రం ఇదే.

ఐదో మెట్టు: ఆకాశం

పని మొత్తంలో నేను ఎక్కువసేపు కూర్చోబెట్టేది ఇక్కడే. నక్షత్రం ఉన్నచోటే దాని వెనక ఆకాశాన్ని కొలవలేం. చుట్టుపక్కల కొలిచి, నక్షత్రం వెనకా అంతే ఉంటుందని నమ్ముతాం. నూనెను గిన్నెతో కలిపి తూచి, అలాంటి ఖాళీ గిన్నె బరువు తీసేసినట్టు. గిన్నె ఎంపిక తప్పితే నూనె లెక్కా తప్పుతుంది.

రీజియన్ మెనూలో షేప్ కింద యాన్యులస్ ఎంచుకుని, అదే కేంద్రంతో లోపలి వ్యాసార్ధం 20, బయటిది 30 పిక్సెళ్లుగా ఒక వలయం పెట్టండి. సున్నాకూ వలయానికీ మధ్య ఖాళీ వదిలేది నక్షత్రం మసక కాంతి వలయంలోకి రాకుండా ఉండటానికి. వలయం మొత్తం ఒకే పట్టీగా ఉండాలి. లోపల ఇంకా గీతలు కనిపిస్తే విండోలో మధ్య వ్యాసార్ధాలు తీసేసి రెండే ఉంచండి. స్టాటిస్టిక్స్ నొక్కి, ఈసారి మీడియన్ రాసుకోండి.

మీన్ కాకుండా మీడియన్ ఎందుకో ఒక లెక్కతో చూపిస్తాను. ఈ వలయంలో సుమారు 1570 పిక్సెళ్లు ఉంటాయి. అసలు ఆకాశం పిక్సెల్‌కు 0.012 అనుకోండి. వలయంలో మూలన ఒక చిన్న చుక్క ఉండి దాని మొత్తం కాంతి 11 అయితే, ఆ ఒక్క చుక్క సగటును 0.019కి ఎగదోస్తుంది. పిక్సెల్‌కు 0.007 ఎక్కువ. దాన్ని 317తో గుణిస్తే 2.2. మీ నక్షత్రం నుంచి అన్యాయంగా 2.2 తీసేసినట్టే, దాదాపు 0.05 మాగ్నిట్యూడ్ పోయినట్టే. మీడియన్‌కు మాత్రం ఆ చుక్క పట్టనే పట్టదు. 1570 పిక్సెళ్లలో అది ఆక్రమించింది ఏ కొద్దిపాటో కదా.

మీడియన్ కూడా అన్నిటికీ మందు కాదు. వలయంలో సగం నెబ్యులా మీద పడి సగం ఖాళీ ఆకాశంలో ఉంటే మీడియన్ రెండింటిలో దేనికీ చెందని అంకె ఇస్తుంది. అలాంటి చోట వలయం వదిలేసి, నక్షత్రం వెనక ఉన్నట్టే కనిపించే మూడు నాలుగు చోట్ల చిన్న సున్నాలు పెట్టి వాటి మీడియన్లు చూడండి. అవి ఒకదానితో ఒకటి ఎంత తేడాగా ఉన్నాయో అంత మేరకు మీ ఆకాశం విలువ తప్పు కావచ్చు. ఈ తేడాను రాసి పెట్టుకోండి, ఎర్రర్ లెక్కలో అవసరం.

కొందరికి మీడియన్ 0కు దగ్గరగానో మైనస్‌లోనో వచ్చి టెన్షన్ పడతారు. డీఆర్‌సీ తయారుచేసేటప్పుడే పైప్‌లైన్ (డేటాను శుద్ధి చేసే ప్రోగ్రామ్) మొత్తం బొమ్మకు ఒక ఆకాశం విలువ తీసేస్తుంది. మిగిలింది మీ నక్షత్రం దగ్గరి స్థానిక తేడా మాత్రమే. మైనస్ అయినా అలాగే తీసెయ్యండి, అంటే కలిసినట్టు అవుతుంది.

ఇప్పుడు తీసివేత: 317 × 0.012 = 3.80. 52.40 నుంచి 3.80 తీస్తే 48.60. ఇది సున్నాలో పడ్డ నక్షత్రం కాంతి, సెకనుకు ఎలక్ట్రాన్లలో.

ఆకాశాన్ని పిక్సెల్‌కు కేవలం 0.001 తప్పుగా తీసుకున్నామనుకుందాం. 317 పిక్సెళ్ల మీద అది 0.32. మన నక్షత్రానికి ఇది ఒక శాతం కూడా కాదు. కానీ అదే బొమ్మలో 1.2 మాత్రమే ఉన్న మసక చుక్కకు 0.32 అంటే 26 శాతం, పావు మాగ్నిట్యూడ్ మాయం. మసక చుక్కలకు సున్నా చిన్నది చెయ్యమనేది ఇందుకే. వ్యాసార్ధం 3 అయితే 29 పిక్సెళ్లే. సున్నాలో చుక్క కాంతి 1.0కి తగ్గినా, ఆకాశం పొరపాటు వాటా 3 శాతానికి దిగుతుంది.

ఆరో మెట్టు: బయట మిగిలిన కాంతి

10 పిక్సెళ్ల సున్నాలో 91 శాతమే పడిందన్నాం కదా. 48.60ని 0.91తో భాగిస్తే 53.41. దీన్నే అపర్చర్ కరెక్షన్ అంటారు. ఏ ఫిల్టర్‌కు ఏ వ్యాసార్ధంలో ఎంత శాతమో ఆ కెమెరా హ్యాండ్‌బుక్‌లో, కాలిబ్రేషన్ పేజీల్లో పట్టికగా ఉంటుంది. ఫిల్టర్ మారితే శాతం మారుతుంది, ఎఫ్606డబ్ల్యూ అంకెను వేరే ఫిల్టర్‌కు వాడకండి.

చిన్న సున్నాకు పట్టికను నేరుగా నమ్మొద్దు. హబుల్ సుమారు 95 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తూ ఎండలోకీ నీడలోకీ వస్తూపోతూ ఉంటుంది. ఆ వేడి చల్లదనాలకు ఫోకస్ కొద్దిగా కదులుతుంది. నడిమి మూడు పిక్సెళ్లలో పడే కాంతి శాతం దాంతో మారిపోతుంది, 10 పిక్సెళ్లలో పడేది పెద్దగా మారదు. కాబట్టి రెండు అంచెల్లో వెళ్లండి. అదే బొమ్మలో వెలుగైన, ఒంటరిగా ఉన్న, సాచురేట్ కాని నక్షత్రాలు కొన్ని ఎంచుకుని, ఒక్కోదాన్నీ 3 పిక్సెళ్లతోనూ 10 పిక్సెళ్లతోనూ కొలిచి మాగ్నిట్యూడ్ తేడాల మీడియన్ తీసుకోండి. మీ మసక చుక్కకు ముందు ఆ తేడా కలపండి. 10 నుంచి మొత్తానికి వెళ్లడానికి మాత్రం పట్టిక వాడండి.

మాగ్నిట్యూడ్

26.07 − 2.5 × లాగ్(53.41) = 26.07 − 4.32 = 21.75

ఆకాశం తీయకపోయి ఉంటే 21.67 వచ్చేది. అపర్చర్ కరెక్షన్ మర్చిపోతే 21.85. పక్కన ఏబీ అని తప్పకుండా రాయండి. వేగా పద్ధతి, ఎస్‌టీ పద్ధతి కూడా వాడకంలో ఉన్నాయి, మూడింటి జీరోపాయింట్లూ వేరు. జీడీ 153కి ప్రచురితమైన 13.35 వేగా తరహా వీ మాగ్నిట్యూడ్. మీ ఏబీ అంకెను దానితో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఎంత నమ్మొచ్చు?

మన నక్షత్రాన్ని 600 సెకన్లు చూశారనుకుంటే 48.60 × 600 = 29,160 ఎలక్ట్రాన్లు. వర్గమూలం 171. అంటే 0.6 శాతం, సుమారు 0.006 మాగ్నిట్యూడ్. ఇది కాంతి కణాలు ఎడాపెడా రావడం వల్ల తప్పని కనీస ఎర్రర్. దీనికి ఆకాశం ఎలక్ట్రాన్లు, ఒక్కో ఎక్స్‌పోజర్‌కు పిక్సెల్‌కు సుమారు 3 ఎలక్ట్రాన్ల రీడ్ నాయిస్ (పిక్సెల్‌ను చదివేటప్పుడు పుట్టే అలజడి) కూడా చేరతాయి. ఆకాశం ఎలక్ట్రాన్లు లెక్కేసేటప్పుడు పైప్‌లైన్ ముందే తీసేసిన ఆకాశాన్నీ కలుపుకోవాలి. బొమ్మలోంచి తీసేసినా దాని నాయిస్ పోలేదు.

డీఆర్‌సీ బొమ్మలో వలయం స్టాండర్డ్ డీవియేషన్ చూసి ఎర్రర్ అంతే అనుకోవద్దు. ఎక్స్‌పోజర్లను కలిపేటప్పుడు ఒక పిక్సెల్ విలువ పక్క పిక్సెళ్లలోకి పంచబడుతుంది, దాంతో నాయిస్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. వెలుగైన నక్షత్రాలకు అసలు ఎర్రర్ ఫొటాన్ల వల్ల రాదు. ఆకాశం ఎంపిక, అపర్చర్ కరెక్షన్, జీరోపాయింట్ కలిసి ఒకటి రెండు శాతం తెస్తాయి. 21.750 ± 0.006 అని రాయడం కన్నా 21.75 ± 0.02 అని రాయడం నిజాయితీ. ఇందాక నాలుగు చోట్ల తీసిన ఆకాశం మీడియన్లతో మాగ్నిట్యూడ్‌ను మళ్లీ మళ్లీ లెక్కకట్టి, జవాబు ఎంత ఊగుతుందో చూడండి. సూత్రాలన్నిటికన్నా ఆ ఊగిసలాటనే నేను ఎక్కువ నమ్ముతాను.

వెబ్ టెలిస్కోపు బొమ్మలైతే

మెట్లన్నీ అవే, యూనిట్లు వేరు. ఐ2డీ అనే ఫైలు దించుకోండి. పిక్సెల్ విలువ స్టెరేడియన్‌కు (ఆకాశంలో వైశాల్యం కొలిచే యూనిట్) మెగా జాన్‌స్కీలలో (జాన్‌స్కీ కాంతి ప్రవాహం కొలిచే యూనిట్) ఉంటుంది, అంటే అది ఉపరితల ప్రకాశం. నక్షత్రం కాంతి కావాలంటే ఆకాశం తీసేసిన మొత్తాన్ని పిక్సెల్ వైశాల్యంతో గుణించాలి. హెడర్‌లో పిక్సార్ ఎస్‌ఆర్ అనే పేరుతో ఆ వైశాల్యం స్టెరేడియన్లలో ఉంటుంది. వెబ్ కెమెరా నియర్‌క్యామ్‌లో చిన్న తరంగదైర్ఘ్యాల వైపు పిక్సెల్ 0.031 ఆర్క్‌సెకన్లు, వైశాల్యం సుమారు 2.26 × 10⁻¹⁴. మొత్తం 40 వస్తే 40 × 10⁶ × 2.26 × 10⁻¹⁴ = 9.04 × 10⁻⁷ జాన్‌స్కీలు. ఏబీ మాగ్నిట్యూడ్ = 8.90 − 2.5 × లాగ్(జాన్‌స్కీలు) కాబట్టి 24.01. అపర్చర్ కరెక్షన్ ఇంకా మిగిలే ఉంది. ఫిల్టర్ తరంగదైర్ఘ్యం పెరిగిన కొద్దీ చుక్క వెడల్పవుతుంది, సున్నానూ దానికి తగ్గట్టు పెంచాలి.

మన యూవీఐటీ

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అల్ట్రావయొలెట్ టెలిస్కోపు యూవీఐటీ. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ దీన్ని బెంగళూరు దగ్గర హోసకోటెలో జతచేసింది. ఆ సంస్థ మూలాలు మన నుంగంబాక్కం అబ్జర్వేటరీలోనే ఉన్నాయి. దీని డేటా ఇస్రో ఆర్కైవ్‌లో దొరుకుతుంది. తయారైన బొమ్మల్లో పిక్సెల్ 0.417 ఆర్క్‌సెకన్లు, చుక్క వెడల్పు 1.5 ఆర్క్‌సెకన్ల లోపు.

ఇది ఫొటాన్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పరికరం కాబట్టి హబుల్‌లో లేని చిక్కు ఒకటి ఇందులో ఉంది. పూర్తి ఫ్రేమ్‌లో సెకనుకు సుమారు 29 సార్లు చదువుతుంది. ఒకే చదువులో ఒకే చోట రెండు ఫొటాన్లు పడితే ఒకటిగానే లెక్కవేస్తుంది. వెలుగైన నక్షత్రాలు ఉన్నదానికన్నా మసకగా కనిపిస్తాయి, బొమ్మ చూస్తే ఆ ఆనవాలు ఏమీ తెలియదు. ఆ నష్టాన్ని సరిదిద్దే సూత్రం పరికరం కాలిబ్రేషన్ పత్రాల్లో ఉంది. వెలుగైన నక్షత్రానికి దాన్ని వాడకుండా అంకె రాయకండి.

చేత్తో చేశాక సాఫ్ట్‌వేర్‌తో

ఇప్పుడు అపర్చర్ ఫొటోమెట్రీ టూల్ దించుకోండి, ఏపీటీ అంటారు. కాల్టెక్‌లో రస్ లేహర్ రాసిన జావా ప్రోగ్రామ్, చదువుకూ పరిశోధనకూ ఉచితం. చుక్క మీద క్లిక్ చేస్తే సున్నా, వలయం, తీసివేత అన్నీ తనే చేసి పెడుతుంది. పిక్సెళ్లను అంచు దగ్గర ముక్కలుగా కూడా లెక్కవేస్తుంది.

దీనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది కర్వ్ ఆఫ్ గ్రోత్ అనే గ్రాఫ్. సున్నా వ్యాసార్ధం పెంచుకుంటూ పోతే మొత్తం ఎలా పెరుగుతుందో గీసి చూపిస్తుంది. ఆకాశం సరిగ్గా తీస్తే గీత పైకెక్కి చదునవుతుంది. చదును కాకుండా ఎక్కుతూనే ఉంటే ఆకాశం తక్కువ తీశారు లేదా పక్క చుక్క లోపలికి వచ్చింది. ఎక్కి కిందికి వంగితే ఆకాశం ఎక్కువ తీశారు. విద్యార్థులు అంకె చూపిస్తే ముందు నేను అడిగేది ఈ గ్రాఫే. మీరు డీఎస్9లో చేత్తో తెచ్చిన అంకెనూ, ఇదే వ్యాసార్ధంతో ఏపీటీ ఇచ్చిన అంకెనూ పక్కపక్కన పెట్టండి. అంచు పిక్సెళ్ల వల్ల వచ్చే కొద్దిపాటి తేడా తప్ప మిగతాది కలవాలి. కలవకపోతే ముందుకు వెళ్లకండి.

రాసి పెట్టుకోవడం

డీఎస్9లో రీజియన్ మెనూ నుంచి సున్నాలనూ వలయాలనూ సేవ్ చెయ్యండి. తర్వాత ఫైలు తెరిచి వాటిని లోడ్ చేస్తే సరిగ్గా అవే చోట్ల కూర్చుంటాయి. ఇంకొకరికి పంపినా పనికొస్తుంది. ఎక్సెల్ షీట్‌లో ఒక్కో నక్షత్రానికి ఒక్కో వరస పెట్టండి. ఫైలు పేరు, ఫిల్టర్, కేంద్రం, వ్యాసార్ధం, వలయం లోపలి బయటి అంచులు, సమ్, ఎన్‌పిక్స్, ఆకాశం మీడియన్, అపర్చర్ కరెక్షన్, జీరోపాయింట్, మాగ్నిట్యూడ్ పద్ధతి, చివర మాగ్నిట్యూడ్, ఎర్రర్. అన్నీ విడివిడి గడుల్లో ఉంటే రేపు జీరోపాయింట్ మారినా మళ్లీ కొలవక్కర్లేదు, ఒక గడి మారిస్తే చాలు. షీట్‌లో మొదటి వరస జీడీ 153దే ఉంచండి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేసుకున్నా, కెమెరా మార్చినా, ఫిల్టర్ మార్చినా ముందు ఆ నక్షత్రాన్ని మళ్లీ కొలిచి, అంకె సరిపోయాకే కొత్త చుక్కల జోలికి వెళ్లండి.